ఉత్తరం గోడ పక్క నురగపూలు

ఆర్డిత్ మెసర్ చర్చి వెనక మలుపు తిరిగి, చేతిలోని బకెట్టు కింద పెట్టి, అలాగే నిలబడిపోయింది.

ఉత్తరం గోడ పొడుగునా ఎర్రటి చెక్కపొట్టు పరిచి ఉంది. చెట్టుకీ మట్టికీ ఉండే ఎరుపు కాదది. బస్తాల్లో అమ్మే, రంగు వేసిన ఎరుపు. హెమ్లాక్ చెట్ల నీడలో ఆ రంగు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. నురగపూల మొక్కలు అందులో పీకల దాకా కూరుకుపోయాయి. ఆకులు ఎక్కడున్నాయో తెలియడం లేదు. సన్నటి కాడల మీద తెల్లటి పూల కంకులు మాత్రం పైకి తేలి, ఏటి మలుపు దగ్గర తేరిన నురగలా ఉన్నాయి.

"ఎలా ఉందండీ?" అంది డెలానీ. పూలబొమ్మల రబ్బరు బూట్లేసుకుని, ఖాళీ బస్తాలు చంకలో పెట్టుకుని, మొహం వెలిగిపోతూ నిలబడింది.

డెలానీ పాస్టరుగారి భార్య. ఇంకా ముప్ఫై రాని పిల్ల. సముద్రం ఒడ్డున, ఇసుక నేలలో పుట్టి పెరిగింది. ఏడాది కిందట మొగుడికి రఫ్ బ్రాంచ్ చర్చిలో పని దొరికాక ఈ కొండలెక్కింది. వసంతం మొదలైనప్పటి నుంచి రోజూ ఆర్డిత్ పెంచే ఈ పూలమడి దగ్గరే తేలుతోంది. రమ్మని పిలిచిన వాళ్ళు లేరు.

"ఎవరు వెయ్యమన్నారిది?"

"నేనేనండీ. ఆదివారం డెకరేషన్ కదా, సమాధుల మీద పూలు పెట్టడానికి ఊళ్ళ నుంచి అందరూ వస్తారు కదా, నీటుగా ఉంటుందనీ."

ఆర్డిత్ మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని కూలబడింది. ఒక మొక్క చుట్టూ పొట్టు రెండు చేతులా ఎత్తి పక్కన పోసింది. గుండె ఆకారంలో ఉన్న ఆకులు, మధ్యలో ముదురు రంగు ఈనెలు, నలిగిపోయి బయటపడ్డాయి.

"ఇలా వంగి చూడు తల్లీ. వేరుకీ ఆకుకీ మధ్య ఇదిగో, ఈ ముడి ఉంది చూడు. మొక్కకి మెడ ఇదే. దీన్ని పూడ్చకూడదు. పూడిస్తే కుళ్ళుతుంది. కుళ్ళితే చస్తుంది. నిన్న చెప్పానా లేదా?"

"చెప్పారండీ. మట్టి కప్పొద్దన్నారు. ఇది మట్టి కాదు కదా అని..."

ఆర్డిత్ కళ్ళు మూసుకుంది. సాక్సుల మిల్లులో ఉన్నన్నాళ్ళూ ఎంతో మంది కొత్త పిల్లలకి పని నేర్పింది. ఒక్కరి మీదా చెయ్యెత్తలేదు. ఆ మాట గుర్తు చేసుకుని ఊపిరి పీల్చుకుంది.

"తియ్యి. మొత్తం తియ్యి. పారతో కాదు, చేత్తో. వేళ్ళు పైపైనే ఉంటాయి, పార పెట్టావంటే తెగుతాయి."

ఇద్దరూ చెరో వైపు నుంచి మొదలుపెట్టారు. తియ్యడం కన్నా డెలానీ మాట్లాడడమే ఎక్కువ. ఈ పూలకి వాసనెందుకు లేదండీ? మొగ్గలు గులాబీగా ఉండి పూలు తెల్లగా ఎందుకవుతాయండీ? జింకలు తినవా? ఒక్కో ప్రశ్నా ఆర్డిత్ ఇదివరకే జవాబు చెప్పినదే. మధ్యాహ్నానికి పొట్టంతా తట్టల్లోకి ఎక్కింది. కిందున్న నల్లటి ఆకు ఎరువు మళ్ళీ కనిపించింది. శరత్కాలంలో రాలిన ఓక్ ఆకుల్ని కుప్ప పోసి, రెండు చలికాలాలు మాగనిచ్చి, ఆర్డిత్ చేత్తో చిదిమి చల్లిన ఎరువది. దాని మీద ఎర్రరంగు మరకలు.

ఆమె నడుం పట్టుకుని లేచి కాఫీ ఫ్లాస్కు దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి డెలానీ గొట్టం పట్టుకుని ఉంది. మిట్టమధ్యాహ్నం, పూల నెత్తి మీద నుంచి ధారగా నీళ్ళు కొడుతోంది. కంకులన్నీ నేలకి వాలిపోయాయి.

"రంగు కడుగుతున్నానండీ!" అని కేకేసింది.

ఆర్డిత్ కాఫీ తాగకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమె పెందలాడే బయల్దేరింది. ఆ పిల్ల కంటే ముందు చేరితే చాలనుకుంది. వెళ్ళేసరికి డెలానీ అప్పటికే మడిలో ఉంది. పక్కన బకెట్టు నిండా పచ్చటి తీగలు.

"కలుపు తీసేశానండీ," అంది. "పాకే రకం కలుపు. మన మొక్కల కింద నుంచే వచ్చి అటు మూలకి పాకేస్తోంది. ఎంత మొండిదో!"

ఆర్డిత్ బకెట్టులో చెయ్యి పెట్టి ఒక తీగ పైకి తీసింది. దాని కొసన గోరంత ఆకులు రెండు, ఆకుల కింద దారప్పోగుల్లాంటి తెల్లటి వేళ్ళు. గోడ మూల బోసిగా ఉన్న చోటు నిండాలని రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. తల్లిమొక్కలు తీగలు సాగించి, ఒక్కో ముడి దగ్గరా పిల్లని దింపుతూ ఇప్పుడిప్పుడే అటు నడుస్తున్నాయి. చలికి నేల గడ్డకట్టి ఉబ్బి వేళ్ళు పైకి తేలినప్పుడల్లా వేలితో నొక్కింది. వంచిన ఇనపతీగ ముక్కలు గుచ్చి వాటిని నేలకి ఆనించింది. ఆ ఇనపముక్కలు కూడా డెలానీ జాగ్రత్తగా ఏరి పక్కన కుప్ప పెట్టింది.

"ఇది కలుపా?" ఆర్డిత్ గొంతు లేచింది. "కళ్ళున్నాయా నీకు? ఈ ఆకు చూడు, ఆ ఆకు చూడు. తల్లిదీ పిల్లదీ ఒకే మొహం కాదూ? పిల్లల్నందర్నీ పీకి బకెట్లో పడేసి కలుపంటావా?"

డెలానీ రెండు ఆకుల వైపూ చూసింది. మొహంలో రక్తం దిగిపోయింది.

"ఇంట్లో నీకేం పని లేదా? మీ ఆయనకి వండి పెట్టుకోరాదూ? టీవీ చూసుకోరాదూ? నా ప్రాణానికే దాపురించావేంటి?"

ఇంతమాట అన్నాక ఎవరైనా బూట్లు విదిల్చుకుని వెళ్ళిపోతారు. డెలానీ ముక్కు ఎగబీల్చుకుంది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. బుగ్గ మీద మట్టి అయింది.

"ఇంకోసారి చెప్పండి," అంది. "మొదటి నుంచి. నేను నేర్చుకోవాలి."

"ఎందుకు నేర్చుకోవాలి? ఎవరేడ్చారు నేర్చుకోమని?"

ఆ పిల్ల నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. అప్పుడే వర్జిల్ కేగిల్ ట్రక్కు వచ్చి గోడ వారన ఆగింది. చర్చి ఆస్తిపాస్తులు చూసే పెద్దల్లో వర్జిల్ ఒకడు. నెమ్మదస్తుడు, మోకాళ్ళ నొప్పులవాడు. దిగి, కొలత టేపు తీసి, ఒక కొస గోడకి ఆనించి రెండో కొస లాక్కుంటూ మడిలోకి రాబోయాడు.

"ఏంటి బ్రదర్, కొలుస్తున్నావు?" అంది ఆర్డిత్.

"ఏం లేదు సిస్టర్. ఆదివారం బల్లలు ఎక్కడ వెయ్యాలా అని."

"బల్లలు ఎప్పుడూ దక్షిణం వైపు కదా వేసేది?"

వర్జిల్ ఆమె వైపు చూడకుండా టేపు మీది అంకెలు చూస్తున్నాడు. ఇంతలో డెలానీ గొట్టం పట్టుకుని గబగబా వచ్చి సరిగ్గా అతని దారికి అడ్డంగా నిలబడింది. నీళ్ళు చిమ్మి అతని బూట్లూ ప్యాంటూ తడిసిపోయాయి.

"అయ్యయ్యో! సారీ బ్రదర్! చూసుకోలేదు!" అంటోందే గానీ గొట్టం పక్కకి తిప్పదు. అక్కడి నుంచి కదలదు. వర్జిల్ టేపు చుట్టుకుని, తడికాళ్ళు ఈడ్చుకుంటూ ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

ఒక్క పని, ఒక్కటంటే ఒక్క పని తిన్నగా చెయ్యదు, అనుకుంది ఆర్డిత్. గొట్టం పట్టుకోవడం కూడా చేతకాదు.

శుక్రవారం ఆమె మడి దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా ఒలేటా ఇంటికి వెళ్ళింది. ఒలేటా ఆమె ఆడపడుచు. పోయిన మొగుడికి చెల్లెలు. ఆదివారం విందుకి ఎండు ఆపిళ్ళ దొంతర కేకు చేస్తోంది. ఒక్కో పొర పలచగా కర్రతో ఒత్తి, కాల్చి, మధ్యలో ఆపిళ్ళ ముద్ద పూసి ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. వంటిల్లంతా దాల్చినచెక్క ఘాటు.

ఆర్డిత్ కుర్చీ లాక్కుని కూచుని, ఎర్రపొట్టు నుంచి మొదలుపెట్టి తీగల దాకా ఏకరువు పెట్టింది. ఒలేటా ఊకొడుతూ పిండి ఒత్తుతోంది.

"ఇక నా వల్ల కాదు. సాయంత్రం పాస్టరుగారి దగ్గరికెళ్ళి చెప్పేస్తా. మడిలో ఆ పిల్లన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. ఏదో ఒకటి తేల్చమంటా."

ఒలేటా చేతిలో కర్ర ఆగింది.

"అలా అనకు వదినా."

"ఏం, ఎందుకనకూడదు? పాస్టరమ్మ అని నెత్తికెక్కించుకోవాలా?"

"అన్నావంటే సోమవారం కాంక్రీటు లారీ వస్తుంది."

ఆర్డిత్‌కి అర్థం కాలేదు. ఒలేటా చేతులు కడుక్కోకుండానే ఎదురు కుర్చీలో కూచుంది.

"మార్చిలో నువ్వు కంటి ఆపరేషనుకి ఆష్‌విల్ వెళ్ళావు చూడు. అప్పుడు చర్చి మీటింగు జరిగింది. ఉత్తరం వైపు చదును చేసి, కాంక్రీటు పోసి, షెడ్డు వెయ్యాలన్నాడు వర్జిల్. వానొస్తే ముసలాళ్ళందరం పళ్ళాలు పట్టుకుని కార్లలో కూచుని తింటున్నాం కదా. అతనన్నదాంట్లో అబద్ధమేముంది?"

"నా మడి మీదా?"

"అదే, అదే మాట. నా మడి అంటావు. అది నీదే, మాది కాదు. ఒక్కర్ని చెయ్యి పెట్టనిచ్చావా ఇన్నేళ్ళలో? బంతి పడితే తెచ్చుకోడానికి పిల్లలు వణుకుతారు. మొన్నటికి మొన్న మన చర్చి ఫే వచ్చి ఎండాకు ఏరబోతే చెయ్యి తీయమని కసిరావు. ఆర్డిత్ తర్వాత దాన్నెవరు చూస్తారు అన్నాడు వర్జిల్. ఒక్కరూ నోరెత్తలేదు. చేతులెత్తమంటే ఎత్తారు."

పొయ్యిలో పొర మాడుతున్న వాసన వచ్చింది. ఒలేటా లేచి దాన్ని తీసి పక్కన పెట్టి, అక్కడే నిలబడి మిగతాది చెప్పింది.

"అయిపోయింది, ప్రార్థన చేసుకుని లేద్దాం అనుకుంటుంటే ఆ పిల్ల లేచి నించుంది. మొహం కందగడ్డ. 'ఆవిడ తర్వాత నేను చూస్తాను. ఆవిడ నాకు నేర్పుతున్నారు. ఇద్దరం కలిసే చేస్తున్నాం' అంది. మొగుడే నోరు తెరిచి చూశాడు."

"నేను నేర్పడమేంటి? అప్పటికి దాని పేరే నాకు సరిగ్గా తెలీదు."

"నాకు తెలుసు. ఆ గదిలో అందరికీ తెలుసు. చర్చిలో నిలబెట్టి పాస్టరు భార్యని అబద్ధమాడావని ఎవరంటారు చెప్పు? సరే, డెకరేషన్ ఆదివారం దాకా చూద్దాం, అప్పటికి ఆ అమ్మాయికి పని వస్తే మడి ఉంటుంది, రాకపోతే షెడ్డు, అన్నాడు వర్జిల్."

"నాకెవరూ చెప్పలేదు."

"ఎవరు చెప్తారు? నీ నోటికి ఎవరు దడవరు?"

ఆర్డిత్ బల్ల మీద రాలిన పిండిని చూపుడువేలితో ఒక వారకి తోసింది. మళ్ళీ ఇటు తోసింది.

"నువ్వెటు చెయ్యెత్తావు ఒలేటా?"

ఒలేటా బల్ల దగ్గరికి వచ్చింది. ఒత్తిన పొర మీద పొడిపిండి చల్లింది. అక్కడ అప్పటికే చాలినంత ఉంది. ఇంకాస్త చల్లింది.

ఆ సాయంత్రం ఆర్డిత్ పాస్టరు ఇంటికి వెళ్ళలేదు. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగింది. వర్జిల్ మీద కోపం వచ్చింది. ఒలేటా మీద వచ్చింది. తన వెనకాల చెయ్యెత్తి, ఆదివారం ఎదురుపడి చెయ్యి కలిపిన ప్రతి ఒక్కరి మీదా వచ్చింది. అందరికంటే డెలానీ మీద ఎక్కువ వచ్చింది. ఇంత పెద్ద విషయం నెత్తినేసుకున్న మనిషి ఆకుకీ ఆకుకీ తేడా అయినా చూసుకోవద్దా?

శనివారం సన్నగా తుంపర పడుతోంది. ఇలాంటి రోజు మొక్కలు నాటుకోవడానికి మంచిది. ఆర్డిత్ వెళ్ళేసరికి డెలానీ వానకోటు వేసుకుని గోడ మూల గొంతుక్కూచుని ఉంది. పీకిన తీగల్ని తడిగుడ్డలో చుట్టి చర్చి వంటగది తొట్టిలో దాచిందట. ఇప్పుడు వాటిని మళ్ళీ నాటుతోంది. ఒక్కోదానికీ బెత్తెడు గొయ్యి తీసి, మెడ దాకా దింపి, పైన పిడికిలితో గుద్దుతోంది.

ఆర్డిత్‌కి చిర్రెత్తింది. నోటి దాకా వచ్చింది మాట. గోనెపట్టా పరిచి పక్కన కూచుంది.

"లోతు ఎక్కువైంది. బయటికి తియ్యి. ఊఁ. ఇప్పుడు గొయ్యి వద్దు. వేలితో గీత గియ్యి. అంతే. పడుకోబెట్టు దాన్ని. నిలబెట్టకు, పడుకోబెట్టు. ఇప్పుడీ వేళ్ళ మీద చిటికెడు ఆకు ఎరువు. ముడి పైకే ఉండాలి."

"ఇలాగా?"

"కాదు. ఇలా."

"ఇలాగా?"

"...ఊఁ. కొంచెం నయం."

వాన కోట్ల మీద చిటపటమంటోంది. చెట్ల మీంచి అప్పుడప్పుడు పెద్ద చినుకు మెడలోకి జారుతోంది. డెలానీ ఒక తీగని తలకిందులుగా పట్టుకుంది. ఆర్డిత్ మాట్లాడకుండా ఆమె చేతిలోనే దాన్ని తిప్పి పెట్టింది. తాను వాడే వంపు ఇనపతీగ ముక్క ఒకటి తీసి, ముడికి కాస్త ఇవతల ఎలా గుచ్చాలో చూపించింది.

"నీకీ మొక్కలంటే అంత ఇష్టమేంటి?" అంది చివరికి, మట్టి వైపే చూస్తూ.

"నిజం చెప్పనా? మొదట్లో ఏమీ లేదండీ. నాకసలు మొక్కలు తెలీవు." డెలానీ వేళ్ళకంటిన మట్టి రుద్దుకుంటోంది. "వచ్చిన కొత్తలో ఇక్కడందరూ నన్ను చూసి నవ్వేవాళ్ళు. పళ్ళెం చేతికిచ్చి, మీ ఆయన ప్రసంగం బావుందమ్మా అని, అటు తిరిగి వాళ్ళల్లో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. ఓ రోజు ఊరికే ఇటొచ్చి నిలబడ్డాను. మీరేమన్నారో గుర్తుందా?"

"లేదు."

"'అక్కణ్ణించి తప్పుకో, మొక్క మీద నిలబడ్డావు' అన్నారు. అంతే. మళ్ళీ మీ పని మీరు చేసుకున్నారు. హమ్మయ్య, నేనెక్కడ నిలబడ్డానో ఒక్కళ్ళు చూశారు అనుకున్నాను."

ఆర్డిత్ ఇంకో తీగ అందుకుంది. "ఆ మొక్క పోయింది," అంది. "సరిగ్గా మెడ మీదే తొక్కావు."

ఆదివారానికి వాన వెలిసి ఆకాశం తేటపడింది. ప్రసంగం అయ్యాక జనమంతా కొండవాలు సమాధుల దగ్గరికి వెళ్ళి, గడ్డి లాగి, మట్టి సర్ది, ప్లాస్టిక్ పూలూ తోటపూలూ పెట్టి దిగివచ్చారు. దక్షిణం వైపు బల్లల మీద వేయించిన కోడీ, చిక్కుడు కాయలూ, మొక్కజొన్న రొట్టే, కేకులూ బారులు తీరాయి. ఒలేటా కేకు ముందు కొంచెం గుంపు ఉంది.

ఆర్డిత్ పళ్ళెం పట్టుకుని ఉత్తరం వైపు నీడలోకి వచ్చేసరికి వర్జిల్ అక్కడే ఉన్నాడు. ఇంకో ఇద్దరు పెద్దలు వెనక నిలబడ్డారు. డెలానీ మడి ఇవతల గోడకి అతుక్కుపోయినట్టు నిలబడి ఉంది. ఆదివారం గౌను, కాళ్ళకి మాత్రం ఆ పూలబూట్లే. ఒలేటా కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బావున్నాయి పూలు," అన్నాడు వర్జిల్. మాటలో వెటకారం లేదు. "ఏమ్మా, ఆర్డిత్ అంతా నేర్పిందా?"

"నేర్పుతున్నారండీ."

"మంచిది. ఐతే ఒక్కటి చెప్పు. ఇవి గుంపు కట్టేశాయి కదా, ఎప్పుడు తవ్వి విడదీస్తావు?"

డెలానీ కళ్ళు ఆర్డిత్ వైపు తిరిగాయి. మళ్ళీ వర్జిల్ వైపు తిరిగాయి.

"జూలైలో," అంది గట్టిగా.

ఆర్డిత్ చేతిలో పళ్ళెం ఒకవైపు ఒరిగింది. జూలై! నేల కాగిపోయి, ఆకులు అంచుల నుంచి మాడుతూ, తల్లిమొక్కలే ప్రాణాలు బిగబట్టుకుని ఉండే నెల. అప్పుడు తవ్వితే ఒక్కటి మిగలదు. ఎవరైనా తప్పు చెబితే మధ్యలోనే తుంచి దిద్దడం ఆర్డిత్‌కి పుట్టుకతో వచ్చిన గుణం. పాత పాస్టరుగార్ని కూడా ప్రసంగం మధ్యలో దిద్దింది. నాలుక కొస దాకా వచ్చింది.

వర్జిల్ నుదురు ముడిపడింది. "జూలైలోనా? మా అమ్మ అయితే ఆకు రాలే ముందు చేసేదేమో..."

"జూలైలోనే," అంది ఆర్డిత్. "నేనే చెప్పాను."

మొహం వేడెక్కింది. వర్జిల్ ఆమెనే చూస్తున్నాడు.

"మీ అమ్మ పద్ధతి మీ అమ్మది వర్జిల్. నాది నాది. ఈ పిల్లకి నా పద్ధతే నేర్పాను. నేను లేనప్పుడు ఇదే చూసుకుంటుంది."

ఒలేటా అప్రాను కొసతో వేళ్ళు మళ్ళీ తుడుచుకుంది. ఆమె ఇంట్లో వెనక వాకిట్లో ఈ మొక్కలే ఉన్నాయి. ఏ నెలలో ఏం చెయ్యాలో ఆమెకి బాగా తెలుసు.

"నేనూ జూలైలోనే చేస్తాను," అంది. ఆర్డిత్ వైపు చూడలేదు.

వర్జిల్ ముగ్గురి వైపూ వరసగా చూశాడు. నమ్మాడో లేదో అతనికే తెలియాలి. మోకాలు రుద్దుకున్నాడు.

"సరే మరి," అన్నాడు వెనకనున్న వాళ్ళతో. "షెడ్డు కోసం తూర్పు వైపు చూద్దాం పదండి. అక్కడైతే కాస్త ఎండైనా తగుల్తుంది మనలాంటి ముసలి ఎముకలకి."

వాళ్ళు గోడ మలుపు తిరిగేదాకా ఆర్డిత్ కదలలేదు. ఒలేటా "కేకు ముక్క తీసి పెడతా వదినా" అని గొణిగి వెళ్ళిపోయింది. దానికి ఆర్డిత్ అవునూ అనలేదు, కాదూ అనలేదు.

డెలానీ నవ్వబోయింది. "ఆర్డిత్ గారూ, అయితే నేను కరెక్టుగానే..."

ఆర్డిత్ పళ్ళెం గోడ వారన నేల మీద పెట్టి, ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని మడి పక్కకి లాక్కెళ్ళింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, పళ్ళ మధ్య నుంచి అంది.

"జూలై ఏంటే జూలై? ఏ మొహం పెట్టుకుని అన్నావు? నా జన్మలో ఇంత సిగ్గుమాలిన అబద్ధం ఆడలేదు. అదీ చర్చి గోడ పక్కన, ఆదివారం పూట!"

డెలానీ కళ్ళు నెమ్మదిగా పెద్దవయ్యాయి.

"మీటింగు సంగతి మీకు తెలుసా..."

"నాకేం తెలీదు. సెప్టెంబరు. చెప్పు."

"సెప్టెంబరు."

"వాన పడ్డ మర్నాడు."

"వాన పడ్డ మర్నాడు."

"మళ్ళీ మొదటి నుంచి చెప్పు. ఏడవకు, మాట తడబడుతుంది. చెప్పు."